హల్ హౌస్ మ్యూజియం, షికాగో: మా అమ్మతో కలిసి చూసొచ్చిన టైఫాయిడ్ కథ

షికాగో వచ్చిన చుట్టాలకి మనం చూపించే లిస్టు ఎప్పుడూ ఒకటే. బీన్, విల్లిస్ టవర్, నేవీ పియర్, నదిలో బోటు, అరోరా బాలాజీ గుడి, చివరికి డెవాన్ అవెన్యూలో భోజనం. మా అమ్మ వచ్చిన నాలుగు నెలల్లో ఇవన్నీ రెండేసి సార్లు అయిపోయాయి. ఇంకెక్కడికన్నా వెళ్దామా అంటే "షాపులు చాలురా, ఏదన్నా కథున్న చోటికి తీసుకెళ్ళు" అంది. సరే అని ఒక రోజు సెలవు పెట్టి హాల్‌స్టెడ్ స్ట్రీట్‌లో ఉన్న జేన్ ఆడమ్స్ హల్ హౌస్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. మన వాళ్ళ పిల్లలు ఎంతమందో చదివే ఇల్లినాయ్ యూనివర్సిటీ షికాగో (యూఐసీ) క్యాంపస్‌లోనే ఉంది ఇది, అయినా నేను అడిగిన పది మందిలో ఒక్కరు కూడా లోపలికి వెళ్ళిన వాళ్ళు లేరు. అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందే చెప్పేస్తున్నా, ఇది టైఫాయిడ్ మ్యూజియం కాదు. వలస వచ్చిన పేదల మధ్య జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు ఆడవాళ్ళు 1889లో కాపురం పెట్టిన ఇల్లు. ఆ తర్వాత అది 13 భవనాలయింది. 1960ల్లో యూనివర్సిటీ కట్టడానికి దాదాపు అన్నీ కూల్చేసి, 1856 నాటి పాత ఇటుక ఇల్లునీ, అందరూ కలిసి అన్నం తిన్న డైనింగ్ హాలునీ మిగిల్చారు. జేన్ ఆడమ్స్‌కి 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది కాబట్టి చాలామంది ఆమె కోసం వెళ్తారు. నేను వెళ్ళింది మాత్రం 1902 వేసవి కోసం. అప్పట్లో ఆ ఇంటి చుట్టూ ఉన్న పేటని 19వ వార్డు అనేవాళ్ళు. ఆ ఒక్క వార్డులో జ్వరం ఎలా పాకింది, ఇంటింటికీ తిరిగి ఎవరు లెక్క తీశారు, రోగి మంచం పక్కన ఎవరు కూర్చున్నారు, జీతం తీసుకుని కూడా ఎవరు కదల్లేదు, ఇదంతా ఈ ఇంటి కథలో ఉంది. నాకు ఇందులో అంత ఆసక్తి ఎందుకంటే నేను పదో తరగతిలో టైఫాయిడ్‌తో 21 రోజులు మంచం మీద ఉన్నాను. నన్ను బతికించిన నర్సు, వంటమనిషి, చాకలి, కాపలా మనిషి అన్నీ మా అమ్మే.

లోపలికి వెళ్ళగానే పాత ఇంటి వాసన. చెక్క మెట్లు, ఎత్తు కిటికీలు. మా అమ్మకి ఇంగ్లీషు చదవడం వచ్చు కానీ నెమ్మది, అందుకని ప్రతి బోర్డు దగ్గరా ఆగి నేను చెప్తుంటే వింది. ఆమెని ఎక్కువసేపు నిలబెట్టింది 1895 నాటి మ్యాపులు. చుట్టుపక్కల వీధుల్లో ప్రతి ఇంటి స్థలానికీ ఒక రంగు వేశారు. ఒక మ్యాపులో ఇటాలియన్లు, ఐరిష్ వాళ్ళు, రష్యన్ యూదులు, బొహీమియన్లు ఎవరెక్కడ ఉన్నారో, ఇంకోదాంట్లో ఏ ఇంటికి వారానికి ఎన్ని డాలర్లు వస్తాయో. "ఇదంతా ఎవరు తిరిగారు, గవర్నమెంటు వాళ్ళా?" అని అడిగింది. ఫ్లోరెన్స్ కెల్లీ అనే ఆవిడ ప్రభుత్వం తరఫున సర్వే చేయించింది, ఆవిడ కూడా ఈ ఇంట్లోనే ఉండేది అని చెప్పాను. "అయితే తిరిగినోళ్ళు ఆ వీధిలో ఉన్నోళ్ళే అన్నమాట" అంది. నాకు అప్పుడు తట్టలేదు కానీ మిగతా కథంతా ఆ మాటలోనే ఉంది.

అప్పటి షికాగో నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే టైఫాయిడ్ అర్థం కాదు. ఊరికి తాగునీరు మిషిగన్ సరస్సు నుంచి వచ్చేది. ఊరి మురుగు నదిలోకి, నది అదే సరస్సులోకి. 1891లో లక్ష జనాభాకి 174 మంది టైఫాయిడ్‌తో చనిపోయారు. ఆ నది పారే దిక్కునే మార్చేద్దామని 28 మైళ్ళ కాలువ తవ్వి 1900 జనవరిలో నీళ్ళు వదిలారు. మనం బోటు టూరులో గైడు గొప్పగా చెప్తే విని చప్పట్లు కొడతామే, అదే కథ. అంత పెద్ద పని చేసిన రెండేళ్ళకే, 1902 వేసవిలో, టైఫాయిడ్ మళ్ళీ ఊరి మీద పడింది. అందరికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది 19వ వార్డు. ఊరి జనాభాలో ఆ వార్డు 36వ వంతు, టైఫాయిడ్ చావుల్లో మాత్రం ఆరో వంతు అని జేన్ ఆడమ్స్ రాసింది.

ఒకే సరస్సు నీళ్ళు అందరూ తాగుతుంటే ఇక్కడే ఎందుకు ఇంతమంది పోతున్నారు? ఈ ప్రశ్నే వాళ్ళని కదిలించింది. వేసవికి ఊరెళ్ళి తిరిగొచ్చిన డాక్టర్ ఆలిస్ హామిల్టన్ వార్డు పరిస్థితి చూసింది. ఆమె పాథాలజీ చదివిన మనిషి, 1897 నుంచీ హల్ హౌస్‌లోనే మకాం. ఇంకో ఇద్దరు, మాడ్ గెర్నన్, గెర్ట్రూడ్ హౌ, జ్వరం కేసులు గుంపుగా ఉన్న వీధుల్లో ఇల్లిల్లూ తిరిగారు. దాదాపు రెండు వేల ఇళ్ళు. ఎవరికి జ్వరం వచ్చింది అని అడిగి ఊరుకోలేదు, పెరట్లోకి వెళ్ళి పాయిఖానా చూశారు. గొట్టం ఉందా, నీళ్ళు పడుతున్నాయా, మురుగు కాలువకి కలిపారా లేక గొయ్యి తవ్వి వదిలేశారా అని. అలాంటి గోతులు అప్పటికే చట్టం ప్రకారం నిషేధం. అయినా వందల్లో ఉన్నాయి. సరైన డ్రైనేజీ ఉన్న ఇళ్ళు సగం కన్నా తక్కువ. శానిటరీ ఇన్‌స్పెక్టర్లు ఉండి, జీతాలు తీసుకుంటుండగానే ఇదంతా.

నేను ఈ పనికి మనస్ఫూర్తిగా దణ్ణం పెడతాను. ఎండాకాలం, పొడుగు గౌన్లు వేసుకున్న చదువుకున్న అమ్మాయిలు, భాష రాని ఇళ్ళల్లోకి వెళ్ళి దొడ్డి చూపించమని అడగడం ఎంత కష్టమో ఊహించుకోండి. తలుపు తీశారంటే కారణం ఒక్కటే, వీళ్ళు ఆ పేటకి కొత్త కాదు. వాళ్ళ పిల్లలు హల్ హౌస్ కిండర్‌గార్టెన్‌కి వచ్చేవాళ్ళు, ఇళ్ళల్లో స్నానానికి చోటు లేక హల్ హౌస్ స్నానాల గదులకి వచ్చేవాళ్ళు. అంతకు ముందు 1895లో జేన్ ఆడమ్స్ ఆ వార్డుకి చెత్త ఇన్‌స్పెక్టర్‌గా పని చేసింది. పొద్దున ఆరింటికి లేచి చెత్త బళ్ళ వెనకాల నడిచింది. ఒక ఇరుకు వీధిలో చెత్త తీయిస్తూ పోతే 18 అంగుళాల లోతున పేవ్‌మెంట్ బయటపడిందట! అక్కడ రోడ్డు ఉందన్న సంగతే జనం మర్చిపోయారు. ఇది చెప్తే మా అమ్మ నోరు తెరిచి నన్నే చూసింది.

ఇప్పుడు ఈగల దగ్గరికి వద్దాం, ఎందుకంటే దీని గురించి చాలా చోట్ల సగమే రాస్తారు. హామిల్టన్‌కి ఒక ఆలోచన వచ్చింది. మూత లేని గోతులు, వాటి మీద ముసిరే ఈగలు, పక్కనే వంటిల్లు. 1898 స్పెయిన్ యుద్ధంలో అమెరికన్ సైనికుల క్యాంపుల్లో ఇలాగే చూశారు. మరుగుదొడ్డి గుంటల్లో చల్లిన సున్నం ఈగల కాళ్ళకి అంటుకుని తెల్లగా కనబడుతుండగానే అవి అన్నం మీద వాలాయి. అందుకని ఆమె వార్డులో గోతుల దగ్గర, పెరటి కంచెల మీద, ఇంటి గోడల మీద, ఒక రోగి గదిలో ఈగల్ని పట్టి 18 గాజు గొట్టాల్లో వేసి క్రిముల్ని పెంచి చూసింది. అయిదింటిలో టైఫాయిడ్ క్రిమి దొరికింది. 1903లో అది డాక్టర్ల పత్రికలో వచ్చాక పెద్ద పేరు వచ్చింది. నగరం కదిలింది. ఆరోగ్య శాఖ మీద విచారణ జరిగి శానిటరీ బ్యూరోలో 24 మందిలో 11 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ వార్డు ఆల్డర్‌మన్, అంటే మన కార్పొరేటర్ లాంటివాడు, జానీ పవర్స్ ఎంత గట్టివాడంటే 1896లో, 1898లో హల్ హౌస్ వాళ్ళు ఎంత ప్రచారం చేసినా ఆయన్ని ఓడించలేకపోయారు. ఓట్లతో కాని కదలిక రెండు వేల ఇళ్ళ లెక్కతో వచ్చింది.

అయితే అసలు కారణం ఈగలు కాదు. ఈ సంగతి హామిల్టన్‌కి తర్వాత తెలిసింది. ఆ పేటకి నీళ్ళు పంపే పంపింగ్ స్టేషన్ దగ్గర గొట్టం పగిలి, మురుగు తాగునీటిలో కలిసింది. మూడు రోజులపాటు వార్డు జనం ఆ నీళ్ళే తాగారు. ఆరోగ్య శాఖ ఆ సంగతి బయటికి రానివ్వలేదు. నిజం తెలిశాక హామిల్టన్ ఏం చేసిందో చూడండి, నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఈగల కథ అప్పటికే దేశమంతా పాకింది, వెళ్ళిన ప్రతి సభలోనూ ఎవరో ఒకరు లేచి ఆమెని ఆ కథతోనే పరిచయం చేసేవాళ్ళు. ఆమె ప్రతిసారీ, అది నిజం కాదు, నేను పొరబడ్డాను అని చెప్పుకుంటూ వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత సొంత జీవిత కథలో కూడా దాచకుండా రాసింది. 1919లో హార్వర్డ్‌లో మొదటి మహిళా అధ్యాపకురాలైన మనిషి, ఫ్యాక్టరీల్లో సీసం విషం మీద దేశానికే పాఠం చెప్పిన మనిషి, తనకి పేరు తెచ్చిపెట్టిన పని తప్పని తనే చెప్పింది. ఈగలు టైఫాయిడ్ మోయలేవని కాదు, మోయగలవు. ఆ వేసవిలో అంతమందిని చంపింది మాత్రం అవి కాదు. గోతులు పూడ్చించడం వృథా కాలేదు, అదెప్పుడైనా చేయాల్సిన పనే.

మ్యూజియం గదుల్లో నడుస్తూ నేను ఇవన్నీ చెప్తున్నా మా అమ్మకి బాగా పట్టుకున్నది మాత్రం ఇంకో ముక్క. జేన్ ఆడమ్స్ రాసిన ఒక విధవరాలి సంగతి. ఆ వార్డులోనే సొంత చిన్న ఇల్లు, చాలా శుభ్రంగా ఉంచుకునేది. చుట్టూ ఇటాలియన్లు వచ్చి చేరుతున్నా, పిల్లల చదువు అయ్యేదాకా ఇల్లు అమ్మనని ఉండిపోయింది. ఇరుగుపొరుగుతో మాట్లాడేది కాదు, వీధి శుభ్రం గురించి ఎవరు పిలిచినా వచ్చేది కాదు. ఇద్దరు కూతుళ్ళని తూర్పు రాష్ట్రాల్లో కాలేజీలో చదివించింది. ఒక జూన్‌లో ఇద్దరూ సెలవులకి ఇంటికి వచ్చారు, ఒకమ్మాయి అప్పుడే డిగ్రీ పూర్తి చేసింది. ఇద్దరికీ టైఫాయిడ్ వచ్చింది. ఒకమ్మాయి చనిపోయింది.

అమ్మ మెట్ల పక్కన బెంచీ మీద కూర్చుండిపోయింది. కాసేపటికి "నీకు వచ్చినప్పుడు మన వీధిలో ఇంకెవరికి వచ్చిందో గుర్తుందా?" అంది. నాకు గుర్తు లేదు. "మూలింటి వాళ్ళ అమ్మాయికి, ఎదురింట్లో పెద్దాయనకి, టైలర్ గారి చిన్నోడికి. నేను రోజూ గుమ్మం కడిగి, బిందెలు చింతపండుతో తోమి, మా ఇంట్లో ఇంత శుభ్రంగా ఉంటే ఎలా వచ్చిందో అని ఏడ్చేదాన్ని. అందరికీ ఒకేసారి వచ్చిందే, ఎందుకు వచ్చిందో అనుకోలేదు. ఒక్కరు వచ్చి అడగలేదు కూడా." నిజమే. మా వీధి కుళాయి గొట్టం కల్వర్టు కింద మురుగులోంచి పోయేది, అది అందరికీ కనబడేది. ఎవరూ రెండింటినీ కలిపి చూడలేదు.

ఇక వైద్యం సంగతి. 1902లో మందు లేదు. టైఫాయిడ్‌కి పనిచేసే మొదటి యాంటీబయాటిక్, క్లోరామ్‌ఫెనికాల్, 1948 దాకా రాలేదు. మన పెద్దవాళ్ళు క్లోరోమైసిటిన్ అనేవాళ్ళే, అదే. అంతకుముందు వైద్యం అంటే నర్సు చేసే సేవే. షికాగోలో 1889లోనే విజిటింగ్ నర్స్ అసోసియేషన్, అంటే ఇళ్ళకి వెళ్ళి సేవ చేసే నర్సుల సంఘం పెట్టారు, అందులో ఒక నర్సుకి హల్ హౌసే మకాం. ఆమె పని ఎలా ఉండేదో మా అమ్మకి చెప్తుంటే తల ఊపుతూ వింది. పెద్దాసుపత్రుల్లో జర్మన్ డాక్టర్ బ్రాండ్ పద్ధతి నడిచేది. జ్వరం 102 దాటితే మూడు గంటలకోసారి రోగిని ఎత్తి చల్లటి నీళ్ళ తొట్టిలో పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచి ఒళ్ళంతా రుద్దడం. రోగికి వణుకు, పళ్ళు కొట్టుకునేవి, అయినా రాత్రీ పగలూ ఆపకూడదు. పేట ఇళ్ళల్లో తొట్టి ఎక్కడిది? తడి గుడ్డతో తుడవడమే. తిండి పాలు, పల్చటి ద్రవాలు. పేగుల్లో పుళ్ళు పడతాయి కాబట్టి గట్టి తిండి పెడితే చిల్లు పడుతుందని భయం, అసలు ప్రమాదం మూడో వారంలోనే, రక్తం పడటం, పేగు చిల్లు పడటం. కొన్నేళ్ళ తర్వాత న్యూయార్క్‌లో వారెన్ కోల్‌మన్ అనే డాక్టర్, రోగిని ఆకలితో మాడ్చడం తప్పు, క్రీమ్, గుడ్లు, చక్కెర బాగా పెట్టండి అని చూపించాడు. అంతవరకూ టైఫాయిడ్ రోగులు జ్వరంతో సగం, ఆకలితో సగం చిక్కిపోయేవాళ్ళు.

"మరి నిన్ను మాడ్చింది కూడా అలాగే" అంది అమ్మ. నాకు సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్ళు, బ్రెడ్డు, పాలు. పచ్చడి మెతుకు అడిగి ఏడిస్తే ఒకరోజు మా నాయనమ్మ ఎవరూ చూడకుండా పెరుగన్నంలో నిమ్మకాయ ముక్క పెట్టింది, దానికి ఇంట్లో పెద్ద గొడవ. ఇప్పుడైతే డాక్టర్లు మెత్తగా ఉన్నది తినమంటారు, అంత పత్యం అక్కర్లేదంటారు.

నర్సు చేసే పనిలో రెండో సగం, ఇదే ముఖ్యం అని నా అభిప్రాయం, రోగి నుంచి జ్వరం ఇంకొకరికి పోకుండా చూడటం. మలమూత్రాల్లో బ్లీచింగ్ పౌడరో, కార్బాలిక్ యాసిడో కలిపి కొంతసేపు ఉంచాకే పారబోయాలి. దుప్పట్లు ఉడకబెట్టాలి. రోగి గిన్నెలు విడిగా. చూసిన మనిషి చేతులు కడుక్కోకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో, నీళ్ళు కింద పెరట్లోంచి మోసుకురావాల్సిన చోట, ఒక తల్లికి ఇవన్నీ నేర్పించి, మర్నాడు మళ్ళీ వచ్చి చేస్తోందో లేదో చూసి, మళ్ళీ పక్కింటికి. మన మున్సిపాలిటీ వాళ్ళు మంత్రి గారు వచ్చే ముందు రోడ్డు పక్కన గీత గీసినట్టు చల్లే బ్లీచింగ్ పౌడర్ గుర్తొచ్చింది నాకు. అదే పౌడర్. అక్కడ రోగి బకెట్లో పడేది.

ఇక్కడ నా సొంత కోపం ఒకటి చెప్పాలి, టెస్టుల గురించి. విడాల్ టెస్టు 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ కనిపెట్టాడు, ఆ కాలానికి అది గొప్ప సాయం. రోగి రక్తపు చుక్క కలిపితే టైఫాయిడ్ క్రిములు ముద్ద కడతాయి, అంతే. అయితే ఒంట్లో ఆ శక్తి తయారవడానికి వారం పైనే పడుతుంది. 1900ల డాక్టర్లకి ఆ సంగతి తెలుసు, మొదటి వారంలో నెగెటివ్ వస్తే నమ్మేవాళ్ళు కాదు. మరి రెండేళ్ళ కింద నేను ఇండియా వెళ్ళినప్పుడు మా అబ్బాయికి జ్వరం వచ్చిన రెండో రోజే ఒక ల్యాబులో విడాల్ చేసి, టైఫాయిడ్ పాజిటివ్ అని కాగితం చేతిలో పెట్టి, వారం రోజుల ఇంజెక్షన్లు మొదలుపెట్టేశారు. రక్తంలోంచి క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్ చేయండి అంటే "దానికి రోజులు పడుతుంది సార్" అన్నారు. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే చోట పాత జ్వరాల వల్ల, టీకాల వల్ల కూడా విడాల్ పాజిటివ్ చూపించొచ్చు. తర్వాత వేరే డాక్టర్ డెంగీ అని తేల్చాడు. నూట పాతికేళ్ళ కింద కనిపెట్టిన టెస్టుని అప్పటి జాగ్రత్త కూడా లేకుండా వాడుతున్నామంటే బాధగా ఉంది. మన దగ్గర చేతకాక కాదు. 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన మొట్టమొదటి టైఫాయిడ్ కాంజుగేట్ వ్యాక్సిన్ తయారైంది హైదరాబాద్‌లోనే, భారత్ బయోటెక్ వాళ్ళది. పసిపిల్లలకి ఆరు నెలల నుంచే వేయొచ్చు. పిల్లల్ని ఇండియా తీసుకెళ్ళే వాళ్ళు ప్రయాణానికి ముందే డాక్టర్‌ని టైఫాయిడ్ టీకా గురించి అడగండి, చాలామంది మర్చిపోతారు.

ఇంతకీ 19వ వార్డు జనానికి దొరికిన సేవ ఎలాంటిది అని నన్ను అడిగితే, నగరం ఇచ్చిన నీళ్ళకి నేను ఒక్క స్టార్ కూడా ఇవ్వను. పగిలిన గొట్టం సంగతి దాచినందుకు అసలే ఇవ్వను. ఇంటింటి లెక్క తీసిన వాళ్ళకి అయిదుకి అయిదు, కారణం తప్పు చెప్పినా సరే, ఎందుకంటే వాళ్ళ లెక్కలో ఇళ్ళు నిజమైనవి, గోతులు నిజమైనవి, చావులు నిజమైనవి. తప్పింది ఒక్క ఊహ, దాన్ని ఊహించిన మనిషే సరిదిద్దింది. నర్సులకి ఎన్ని ఇచ్చినా తక్కువే. టైఫాయిడ్‌ని చివరికి తగ్గించింది మాత్రం నీళ్ళే. 1912లో షికాగో తాగునీళ్ళలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టి, కొన్నేళ్ళలో ఊరంతటికీ చేశారు, చావులు ఎక్కడో అడుగుకి పడిపోయాయి. నేవీ పియర్ పక్కన సరస్సులోకి పొడుచుకొచ్చినట్టు కనబడే పెద్ద కట్టడం ఉంటుంది చూడండి, జార్డీన్ నీటి శుద్ధి కేంద్రం, అందరం దాని ముందు ఫోటోలు దిగి, అదేంటో తెలియకుండా వచ్చేస్తాం.

వెళ్ళాలనుకునే వాళ్ళకి: ట్రెయిన్‌లో అయితే బ్లూ లైన్, యూఐసీ-హాల్‌స్టెడ్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళొచ్చు. కారైతే క్యాంపస్ పార్కింగ్‌కి డబ్బులు కట్టాలి. ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో ముందే చూసుకోండి, వారమంతా ఉంటుందనుకుని వెళ్ళకండి. గంటన్నర, రెండు గంటలు చాలు. చిన్న పిల్లలకి ఆడుకోవడానికి ఏమీ లేదు, విసుగొస్తుంది. హైస్కూలు పిల్లలు, నర్సింగ్ చదివేవాళ్ళు, పబ్లిక్ హెల్త్ చదివేవాళ్ళు మాత్రం తప్పకుండా చూడాలి. ఒక్క మాట, 1902 కథ కొంచెం చదువుకుని వెళ్ళండి, అప్పుడు ఆ మ్యాపుల రంగులు వేరేలా కనబడతాయి. తర్వాత ఆకలేస్తే ఉత్తరంగా గ్రీక్ టౌన్, పడమరగా టేలర్ స్ట్రీట్‌లో ఇటాలియన్ హోటళ్ళు, ఆ పాత వార్డు జనం వదిలి వెళ్ళిన రుచులు. మా అమ్మ చీజ్ అంటే మొహం పెట్టేస్తుంది కాబట్టి మేము ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర క్యాంపస్‌లో బెంచీ మీద కూర్చుని తిన్నాం.

తినేసి చేతులు కడుక్కొచ్చాక అమ్మ మ్యూజియంలో ఇచ్చిన కాగితం వెనక్కి తిప్పి, నా జేబులో పెన్ను తీసుకుంది. అడ్డంగా ఒక గీత, మా వీధి. దాని మీద కల్వర్టు. కుళాయి దగ్గర చిన్న సున్నా. మా ఇల్లు, మూలిల్లు, ఎదురిల్లు, టైలర్ గారి ఇల్లు, నాలుగింటికీ ఇంటూ మార్కులు పెట్టింది. నాలుగూ కుళాయికి ఇటువైపే ఉన్నాయి. అయిదో ఇంటి దగ్గర పెన్ను ఆగిపోయింది. "సుబ్బులు వాళ్ళింట్లో ఆ నెలలో ఎవరికో జ్వరం వచ్చినట్టే గుర్తు, టైఫాయిడో కాదో" అని ఆలోచించి, "అక్కడ ఇప్పుడు టైమెంతరా?" అంది. రాత్రి పదకొండు దాటిందమ్మా, పడుకుని ఉంటారు అన్నాను. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆ రాత్రి నేను గిన్నెలు సర్దుతుంటే హాల్లోంచి కేక వేసింది, "అక్కడ తెల్లారింది కదా, సుబ్బులు నంబరు కలుపు."